రోమకుల చిన్న వెండి నాణెములు: సంగ్రాహకులు, సాక్ష్యములు

రోమను నాణెములను గూర్చి మన చరిత్ర గ్రంథములలో సాధారణముగా రెండు పేర్లు మాత్రమే కానవచ్చును: బంగారు నాణెమైన ఆరియస్, వెండి నాణెమైన దెనారియస్. దక్షిణ భారతమున బయల్పడిన రోమను ద్రవ్యములో బంగారము, వెండి అనునవి ప్రధానముగా ఈ రెండు జాతులవే యగుట యిందులకు కారణము. కాని రోమకుల వెండి నాణెములలో దెనారియస్ ఒంటరి కాదు. దానిలో సగము విలువ గలది క్వినారియస్, నాల్గవవంతు విలువ గలది సెస్టర్టియస్. రూపాయి ప్రక్కన అర్ధరూపాయి, పావలా యెట్టివో దెనారియస్ ప్రక్కన ఇవి యట్టివి. పావలా వలెనే వీనిని గూర్చియు పెద్దగా పట్టించుకొన్నవారు లేరు. నాణెముల సంగ్రాహకులకు మాత్రము ఇవి యెన్నడును మఱపునకు రాలేదు. పెట్టెలోని వరుసలో పెద్ద నాణెము చేరిన పిదప దాని ప్రక్కనున్న చిన్న గుంట ఖాళీగా కనబడుచుండుట ఏ సంగ్రాహకునికిని సహింపరానిది.

ఈ వ్యాసమున చెప్పదలచినది ఆ చిన్న గుంటను గూర్చియే. సుమారు ఐదు వందల యేండ్లపాటు యూరపులోని పండితులును ప్రభువులును ఈ నాణెములను ప్రోగుచేసిరి, వర్ణించిరి, జాబితాలు వేసిరి. అయినను దెనారియస్ పద్ధతి యెన్నడు పుట్టినదను మొదటి ప్రశ్నకు ఆ పెట్టెలలోని వేలకొలది నాణెములు నిలుకడయైన సమాధాన మీయలేకపోయినవి. ఆ సమాధానము సిసిలీ ద్వీపమున నొక కాలిన పట్టణపు మట్టి క్రిందనుండి, గుప్పెడైనను నిండని నాణెముల వలన లభించినది. ఇది యెట్లు జరిగినదో తెలిసికొనుటకు ముందుగా ఈ నాణెముల స్వరూపము కొంత తెలియవలెను.

దెనారియస్ అను మాటకు పది గలది యని యర్థము. పది కంచు ఆస్‌లకు అది సమానము గనుక దానిపై రోమను సంఖ్య పది గుర్తుగా నుండును. క్వినారియస్‌పై అయిదు గుర్తు. సెస్టర్టియస్‌పై రెండు నిలువు గీతలును, వాని ప్రక్కన ఎస్ అను అక్షరమును ఉండును. అనగా రెండున్నర ఆస్‌లు. ఆ పేరు పుట్టుక వింతైనది. మూడవది సగము అను నర్థము గల సెమిస్ తెర్తియస్ అను పదబంధము కుదించుకొనిపోయి సెస్టర్టియస్ అయినది. రెండు నిండుగా, మూడవది సగముగా నున్నదని భావము. రెండు నిలువు గీతలను అడ్డగీతతో కలిపి వ్రాయగా హెచ్ అను అక్షరము వలె కనబడి, తరువాతి కాలపు గ్రంథములలోను శాసనములలోను హెచ్ ఎస్ అనునదియే దాని సంకేతముగా స్థిరపడినది. మొదటిసారిగా లాటిను శాసనములు చదువు విద్యార్థులు ఆ హెచ్‌ను అక్షరముగనే యెంచి చిక్కుపడుట కలదు.

మొదట దెనారియస్ తూకము నాలుగున్నర గ్రాములు; అనగా ఒక రోమను పౌనుకు డెబ్బదిరెండు నాణెములు. సెస్టర్టియస్ తూకము ఒక గ్రామునకు కొంచె మెక్కువ. మన కంసాలుల లెక్కలో తొమ్మిది గురివింద గింజల యెత్తు. వెడల్పు అర అంగుళము. ఇంత చిన్న వెండి బిళ్ళపై బొమ్మవైపున శిరస్త్రాణము ధరించిన రోమా దేవి తల, బొరుసువైపున ఈటెలు చేబూని గుఱ్ఱములపై పరుగెత్తు కవల దేవతలు, వారి క్రింద రోమా అను పేరు చెక్కిరి. ఆ కవలలు కాస్టర్, పోలక్స్ అనువారు. యుద్ధమున రోమకులకు తోడ్పడిరని వారి నమ్మకము. దెనారియస్‌పై నున్న బొమ్మయే సగము బిళ్ళపైనను, పాతిక బిళ్ళపైనను తగ్గించి చెక్కబడినది. గుఱ్ఱముల కాళ్ళు లెక్కించుటకు వీలగునంత తేటగా ఆ పని చేసిన అచ్చు చెక్కువారి పేర్లు మనకు దక్కలేదు.

ఇదే కాలమున విక్టోరియాటస్ అను నింకొక వెండి నాణెము కూడ వెలువడినది. దాని బొమ్మవైపు జూపిటర్; బొరుసువైపు విజయ దేవత విజయ స్తంభమునకు మాల వేయుచుండును. దెనారియస్‌లో ముప్పాతిక తూకముగల ఈ నాణెముపై విలువ గుర్తు లేదు. వెండియు తక్కువ జాతిది. గ్రీకు ద్రాఖ్మాలకు అలవాటుపడిన దక్షిణ ఇటలీ ప్రజల కొఱకు దీనిని ముద్రించిరని పలువురి అభిప్రాయము. కాలక్రమమున ఈ నాణెములు అరిగి అరిగి సగము దెనారియస్ విలువకు దిగజారినవి. ఆ దిగజారిన విలువయే తరువాతి కథకు మూలము.

క్వినారియస్, సెస్టర్టియస్ పుట్టిన కొలది యేండ్లకే ఆగిపోయినవి. దెనారియస్ మాత్రము సాగినది. రమారమి నూఱేండ్లకు పిమ్మట, క్రీ.పూ. 101 ప్రాంతమున, క్లోడియస్ పేర నొక శాసనము ననుసరించి క్వినారియస్ మరల వెలువడినది. ఈ మారు దానిపై కవల దేవతలు లేరు. పాత విక్టోరియాటస్ బొమ్మలైన జూపిటర్, విజయ దేవత వచ్చిరి. సగము దెనారియస్‌గా చెల్లుచున్న అరిగిన నాణెముల స్థానమున అదే రూపముతో క్రొత్త సగము దెనారియస్ నిలిచినదన్నమాట. క్రీ.శ. మొదటి శతాబ్దిలో ప్లినీ తన ప్రకృతి చరిత్రము ముప్పది మూడవ భాగమున, ఇప్పుడు విక్టోరియాటస్ అనబడునది క్లోడియస్ శాసనము వలన ముద్రితమైనదని వ్రాయుటకు ఇదియే కారణము. ఒకే పేరు రెండు నాణెములకు చెల్లుటచే పూర్వపు జాబితా కర్తలు పడిన తికమక యింతింత కాదు. కొన్ని క్రొత్త క్వినారియసులపై విజయ దేవత పాదముల చెంత బందీయైన గాల్ జాతీయుడును, వారి యుద్ధపు బూరయు కనబడును. ఉత్తరమునుండి దిగివచ్చిన కింబ్రి మున్నగు తెగలపై మారియస్ సాధించిన విజయమునకు అవి గుర్తులు. ఈ నాణెములు ఉత్తర ఇటలీయందు విశేషముగా చెలామణియైనవి. ఆల్ప్స్ కావలి గాల్ తెగలును ఇదే తూకముతో తమ చిన్న వెండి నాణెములను ముద్రించుకొనిరి.

సెస్టర్టియస్ పునర్జన్మ యింతకంటె స్వల్పమైనది. క్రీ.పూ. 91లో పాపీరియస్ శాసనము ననుసరించి మరల ముద్రించిరి. ఆ యేటి టంకసాల అధికారియైన సిలానస్ ముద్రించిన సెస్టర్టియసులపై, పాపీరియస్ శాసనానుసారముగా నను నర్థమిచ్చు మూడు పొడి యక్షరములు గలవు. ఆ వెంటనే మరల విరామము. సీజరు చివరి దినములలో కొన్ని వెలువడి, క్రీ.పూ. 44 పిమ్మట వెండి సెస్టర్టియస్ అంతరించినది. అగస్టస్ దాని పేరు నొక పెద్ద ఇత్తడి నాణెమునకు తగిలించెను. వెండి సెస్టర్టియస్ ఒక గ్రాము, ఇత్తడి సెస్టర్టియస్ ఇరువదియైదు గ్రాములు. ఇచ్చట గమనింపవలసిన విశేష మొకటి యున్నది. రోమకులు తమ ఆస్తులను, అప్పులను, ఇండ్ల వెలలను లెక్కించినది సెస్టర్టియసులలోనే. అగస్టస్ కాలమున సెనేటు సభ్యునికి పది లక్షల సెస్టర్టియసుల ఆస్తి యుండవలెనని నియమము. అంతటి లెక్కల ప్రమాణమైన నాణెము గణరాజ్య కాలమున చేతికి దొరకుట మాత్రము బహు అరుదు. లెక్క యొకదానిలో, చెల్లింపు వేఱొకదానిలో జరుగుట మనకును క్రొత్త గాదు. వ్యవహారమున చెలామణి లేని వరహాలలో లెక్కలు వ్రాసికొన్న కుటుంబములు తెలుగునాట నుండెను.

క్వినారియస్ మాత్రము అంతర్యుద్ధముల కాలమున మిక్కిలి మాటకారి యయ్యెను. క్రీ.పూ. 89లో మార్కస్ కాటో అను టంకసాల అధికారి ముద్రించిన క్వినారియస్‌పై బొమ్మవైపున లీబర్ దేవుని తల, బొరుసువైపున కూర్చున్న విజయ దేవత గలవు. సుమారు నలుబదేండ్లకు పిమ్మట సీజరు నెదిరించి ఆఫ్రికాలో నిలిచిన చిన్న కాటో తన సైన్యమునకు జీతము లిచ్చుటకై అవే బొమ్మలతో, అదే పేరుతో క్వినారియసులు ముద్రించెను. పేరు కలిసినది; వంశము కలిసినది; విజయ దేవత మాత్రము కలిసిరాలేదు. క్రీ.పూ. 46లో థాప్సస్ యుద్ధమున తన పక్షము ఓడిపోగా యూటికా నగరమున కాటో ప్రాణత్యాగ మొనర్చెను. ఈ రెండు నాణెములను ప్రక్కప్రక్కన నుంచి చూచినగాని ఆ పునరుక్తిలోని పట్టుదల బోధపడదు. మార్క్ ఆంటొనీ క్రీ.పూ. 43, 42 సంవత్సరములలో లుగ్దునమున, అనగా నేటి లియోన్ నగరమున, ముద్రింపించిన క్వినారియసులపై నడచు సింహమున్నది. దాని ప్రక్కన అతని వయస్సు నలుబది యని ఒక వరుసలో, నలుబదియొకటి యని మఱియొక వరుసలో వ్రాయబడినది. తన యేండ్లను ప్రజలచేత మోయించిన వారు పాలకులలో నితడొక్కడేనేమో! ఆక్టేవియన్ క్రీ.పూ. 29, 28 ప్రాంతమున ముద్రించిన క్వినారియస్‌పై, పాముల నడుమనున్న బుట్టపై విజయ దేవత నిలిచి, ఆసియా మరల చేజిక్కినదని చాటుచుండును. ఆ పాముల బుట్ట అంతకు పూర్వము ఆసియా మైనరు వెండి నాణెములపై నున్న గుర్తు. జయించినవాడు జయింపబడిన దేశపు బొమ్మనే తన విజయ దేవతకు పీఠము చేసెను. సామ్రాజ్య కాలమున క్వినారియస్ అప్పుడప్పుడు మాత్రమే వెలువడినది. ఉత్సవ సమయములందలి పంపకములకై ముద్రించిరని కొందఱి యూహ.

ఇక సంగ్రాహకుల విషయము. పాత నాణెములపై మక్కువ రోమకులకే యుండెను. అగస్టస్ సాటర్నేలియా పండుగనాడు తన మిత్రులకు రకరకముల నాణెములను, వానిలో పురాతన రాజుల నాణెములను, విదేశీయ నాణెములను కూడ బహుమానములుగా నిచ్చుచుండెనని సూటోనియస్ వ్రాసెను. ప్లినీ యింకను తమాషా చెప్పినాడు: దొంగ దెనారియస్ నొకదానిని పరిశీలించుటకై పెక్కు మంచి దెనారియసులిచ్చి కొనుచుందురట! సంగ్రాహకుని స్వభావము రెండువేల యేండ్లలో మారలేదని దీనివలన స్పష్టము. ట్రాజన్ చక్రవర్తి అరిగిన పాత వెండిని కరగించినపుడు, గణరాజ్య కాలపు పాత బొమ్మలు కొన్నింటిని క్రొత్త దెనారియసులపై మరల ముద్రింపించెను. కరగించుటయు, కాపాడుటయు ఒకే చేతితో జరిగిన పని యిది.

ఆధునిక సంగ్రహణమునకు ఆద్యుడుగా కవియైన పెట్రార్కును పేర్కొనుట వాడుక. రోము నగర ప్రాంతపు సేద్యగాండ్రు తమకు మట్టిలో దొరకిన నాణెములను అతని యొద్దకు తెచ్చి, వానిపైని ముఖము లెవరివో చెప్పుమని యడుగుచుండిరట. 1354లో మాంటువా నగరమున నాలుగవ చార్లెస్ చక్రవర్తిని కలిసినపుడు పెట్రార్కు తన యొద్దనున్న రోమను చక్రవర్తుల బంగారు, వెండి నాణెములు కొన్నింటి నతని కిచ్చి, వారివలె వర్తింపుమని హితవు చెప్పెను. నాణెము ఇచ్చట ఆదర్శ పురుషుని చిత్రపటము. అది యే పొలమున, ఏ కుండలో, మఱి యే నాణెములతో కలిసి దొరకెనను ప్రశ్న పెట్రార్కునకు తోచలేదు. అతని తరువాతి నాలుగు వందల యేండ్లలో నెవ్వరికిని తోచలేదనవచ్చును.

1577లో ఫుల్వియో ఒర్సీని ప్రకటించిన గ్రంథము గణరాజ్యపు నాణెములను కుటుంబముల వారీగా నమర్చినది: కార్నీలియసుల నాణెము లొకచోట, కాల్పూర్నియసుల వొకచోట. టంకసాల అధికారి పేరు నాణెముపై నుండుట వలన ఈ యమరిక సులభము. కులీనుల పరిషత్తులలో కూర్చుండు సంగ్రాహకులకు ఇది రుచించినది కూడ. ఈ పద్ధతి ఎంత గట్టిగా పాతుకొన్నదనగా 1885, 1886లలో బాబెలాన్ రెండు సంపుటములుగా వెలువరించిన జాబితాయు కుటుంబముల వరుసలోనే యున్నది. దానివలన కలిగిన నష్టమును గుర్తింపవలెను. నూఱేండ్ల యెడము గల రెండు నాణెములు పేరొకటే యగుటచే ఒకే పలకపైకి చేరినవి. ఒకే యేట, ఒకే టంకసాలలో పుట్టిన దెనారియస్, క్వినారియస్ వేర్వేరు పలకలపైకి పోయినవి. పేరు లేని మొదటి సెస్టర్టియసులకు కుటుంబమే లేదు. కావున అవి అనాథల వలె సంపుటము మొదటనో చివరనో మిగిలినవి. అట్లని ఒర్సీనిని చులకన చేయరాదు. అతని వర్ణనలు లేకున్న, తరువాత కరగిపోయిన, దొంగిలింపబడిన నాణెములెన్నో మనకు పేరైనను తెలియకుండెడివి.

వియన్నాలో ఎకెల్ 1792 మొదలు 1798 వఱకు ఎనిమిది సంపుటములుగా ప్రకటించిన గ్రంథముతో నాణెముల శాస్త్రమునకు క్రమము వచ్చినది. దారి మార్చిన గ్రంథము మాత్రము 1860లో మామ్‌సెన్ వ్రాసిన రోమను నాణెముల చరిత్రమని చెప్పవలెను. అతడు విడి నాణెమును గాక నిక్షేపమును, అనగా కుండలో నొకేసారి పాతిపెట్టబడిన నాణెముల సముదాయమును ప్రమాణముగా గ్రహించెను. పరిశోధక విద్యార్థులు ఈ తర్కమును జాగ్రత్తగా గమనింపవలెను. ఒక నిక్షేపమున వంద రకముల నాణెము లున్నవి. ఇంకొక నిక్షేపమున ఆ వందయు, వానికి తోడు మఱి యిరువది రకములును ఉన్నవి. ఆ యిరువదియు మొదటి కుండ పాతిన పిదప పుట్టినవై యుండవలెను. అరుగుదల కూడ సాక్ష్యమే: క్రొత్తగా మెఱయునవి పాతిన కాలమునకు దగ్గరివి. ఈ విధముగా కుండ వెనుక కుండ పేర్చుకొనిపోగా నాణెముల వరుస తేలును. కాని కుండను విడగొట్టి, మంచి నాణెములను ప్రభువులకును, అరిగినవానిని కంసాలికిని అమ్మినచో ఈ తర్కమునకు ఆధారము మిగులదు. చిన్న వెండి నాణెములకు ఈ యాపద మఱింత యెక్కువ. పెద్దవానిని పంచుకొన్న పిదప చిన్నవానిని ఒక గుప్పెడు తూకమునకు వేసి కరగించుట సులభము. మైకేల్ క్రాఫర్డ్ 1969లో గణరాజ్యపు నిక్షేపముల జాబితాను ముందు ప్రకటించి, 1974లో గాని తన రెండు సంపుటముల నాణెముల గ్రంథమును వెలువరింపకపోవుట యాదృచ్ఛికము కాదు. నేడు ప్రతి సంగ్రాహకుడును తన క్వినారియస్ ప్రక్కన వ్రాసికొను సంఖ్య క్రాఫర్డ్ సంఖ్యయే.

నిక్షేపములు వరుసను చెప్పును, సంవత్సరమును చెప్పవు. ఆ వరుస మొదలెక్కడ? ప్లినీ మాట ప్రకారము రోమకులు వెండి నాణెమును ముద్రించినది మొదటి ప్యూనిక్ యుద్ధమునకు ఐదేండ్లకు ముందు, అనగా క్రీ.పూ. 269లో. ఆ వాక్యమునే దెనారియస్‌కు అన్వయించి తరతరములు నమ్మిరి. 1932లో హెరాల్డ్ మాటింగ్లీ, రాబిన్‌సన్ అను బ్రిటిషు మ్యూజియము పండితు లిరువురు దెనారియస్ పుట్టినది క్రీ.పూ. 187లో నని వాదించిరి. ప్లినీ ఎనుబది రెండేండ్లు తప్పెనని వారి వాదముయొక్క ఫలితార్థము. హానిబాల్‌తో జరిగిన మహాయుద్ధము ఈ రెండు సంవత్సరముల నడుమ నున్నది. ఆ యుద్ధమున రోమకులు తమ సైనికులకు దెనారియసులిచ్చిరా, లేదా? రోమను రాజ్యపు ఆర్థిక చరిత్ర యంతయు ఈ ప్రశ్న చుట్టు తిరుగుచుండెను. లండను, పారిసు, బెర్లిను సంగ్రహములలో దెనారియసులు వేలకొలదిగా నున్నవి. క్వినారియసులు, సెస్టర్టియసులు పెట్టెల నిండుగా నున్నవి. అవి యెచ్చట దొరకినవో తెలియని కారణమున వానిలో నొక్కటియు నోరు విప్పలేదు.

1955లో అమెరికాలోని ప్రిన్‌స్టన్ విశ్వవిద్యాలయమువారు సిసిలీ నడిభాగమున ఐదోనే అను పల్లెపట్టణము చెంత త్రవ్వకములు మొదలిడిరి. ఎరిక్ షోక్విస్ట్, రిచర్డ్ స్టిల్‌వెల్ అనువారు నాయకులు. ఆ స్థలము పేరు సెర్రా ఒర్లాండో. పురాతన కాలమున దాని పేరేమో తెలియదు. అచ్చట హిస్పానోరుమ్ అని లాటిను లిపిలో వ్రాసియున్న కంచు నాణెములు విరివిగా దొరకినవి. హిస్పానియావారివి, అనగా స్పెయిన్‌వారివి అని యర్థము. సిసిలీ నడుమ స్పెయిన్‌వారేల? ఆ బృందములో నున్న కెనాన్ ఎరిమ్ 1958లో దీనికి సమాధానము చెప్పెను. చరిత్రకారుడు లివీ రచనలో మోర్గాంతీనా అను పట్టణపు ప్రస్తావన గలదు. క్రీ.పూ. 214లో అది రోమును విడిచి కార్థేజి పక్షమునకు మారినది. 211లో రోమకులు దానిని గెలిచి, తమకు తోడ్పడిన మోరికస్ అను స్పెయిన్ సేనానికిని, అతని జీతపు సైనికులకును ఇచ్చివేసిరి. కావున నాణెములు ముద్రించిన స్పెయిన్‌వారు వారే. ఆ శిథిలము మోర్గాంతీనా.

ఆ విధముగా నాణెము పట్టణమునకు పేరిచ్చినది. పట్టణము ఆ ఋణమును వెంటనే తీర్చుకొన్నది. 211లో జరిగిన విధ్వంసపు జాడలు, కూలిన గోడలు, కాలిన దూలములు, చెదరిన కుండలు ఇండ్లలోను దేవాలయములలోను పొరగా పఱచియున్నవి. ఆ పొర క్రింద, దాని తరువాత నెవ్వరును చేయి పెట్టలేదని రూఢిగా తేలిన చోట్లలో, దెనారియస్ పద్ధతికి చెందిన రోమను నాణెములు లభించినవి. వానిలో చిన్న వెండి నాణెములును ఉన్నవి. అవి అరిగినవి కావు. అప్పుడే టంకసాలనుండి వచ్చినట్లున్నవి. క్రీ.పూ. 211లో మూతపడిన మట్టిలో 187లో పుట్టిన నాణె ముండజాలదు. అట్లే 269లోనే ఈ పద్ధతి పుట్టియున్నచో ఆ నాణెము లింత క్రొత్తగా నుండుటకును, అంతకుముందటి నిక్షేపములలో దెనారియస్ జాడ లేకుండుటకును హేతువు కానరాదు. దెనారియస్ పద్ధతి హానిబాల్ యుద్ధము నడిమి సంవత్సరములలో, 211లోనో అంతకు కొలదిగా ముందో, ఆరంభమైనదని నేడు పండితులు సాధారణముగా అంగీకరింతురు. కానే అను చోట 216లో కలిగిన ఘోర పరాజయము, ఆ పిమ్మట కల్తీయై పోయిన పాత వెండి, కుంగిపోయిన కంచు ఆస్, ఇవి యన్నియు ఈ కాలనిర్ణయముతో తమ తమ స్థానములలో కుదురుకొన్నవి.

ఇందులో చిన్న నాణెములకు గల ప్రత్యేక విలువను గూర్చి రెండు మాటలు చెప్పవలెను. పెద్ద నాణెము దాచుకొనుటకు, చిన్నది ఖర్చుపెట్టుటకు. దాచుకొన్నది ముప్పది యేండ్లు పెట్టెలో నుండి కుండలోనికి చేరవచ్చును. ఖర్చుపెట్టునది చేయి జారి నేలమీద పడిననాడే మట్టిలో కలియును. కావున కాలనిర్ణయమునకు దానంత నమ్మకమైన సాక్షి లేదు. కాని ఒక గ్రాము బిళ్ళ పారకు కనబడదు. మట్టిని జల్లెడ పట్టినగాని చేతికి రాదు. పూర్వపు త్రవ్వకములలో జల్లెడ వాడుక యెంత తక్కువయో తలచుకొన్నచో, ఎన్ని సెస్టర్టియసులు గంపలతో బయట పారబోయబడినవో యనిపింపక మానదు.

కూట నాణెముల ప్రసక్తి లేక సంగ్రహణ చరిత్ర ముగియదు గనుక ఇచ్చట క్లుప్తముగా చెప్పెదను. పురాతన కాలమునందే రాగి బిళ్ళపై వెండి రేకు పొదిగి ముద్రించిన పూత నాణెములు చెలామణిలో నుండెను. ఇవి కూటములైనను చరిత్రకు సాక్ష్యములే. ఆధునిక కూటముల తీరు వేఱు. జర్మనీలో కార్ల్ విల్‌హెల్మ్ బెకర్ (1772-1830) స్వయముగా అచ్చులు చెక్కి, మేలైన వెండితో పురాతన నాణెములను సృష్టించెను. వానికి అరుగుదల వచ్చుటకై ఇనుప రజనును నూనెను నింపిన పెట్టెలో వేసి తన బండికి కట్టి, కుదుపుల దారులలో తిప్పుచుండెనని చెప్పుదురు. అతని అచ్చులు నేడు బెర్లిను మ్యూజియములో నున్నవి. బెకర్ తూకమును, వెండిని, అక్షరములను, అరుగుదలను సైతము అనుకరింపగలిగెను. దొరకిన చోటును మాత్రము అనుకరింపలేకపోయెను.

ఈ విషయము మనకు దూరపుది కాదు. దీనారము అను మాట దెనారియస్ నుండి వచ్చినదని అందఱును ఎఱిగినదే. నాగార్జునకొండ ఇక్ష్వాకు శాసనములలో దీనారి మాషకములు పేర్కొనబడినవి. శ్రీనాథుని పేర ప్రచారములోనున్న చాటువు మూలమున దీనారము మన నాలుకలపై నేటికిని నిలిచియున్నది. నల్లగొండ జిల్లా అక్కనపల్లెలో 1500కు మించిన దెనారియసుల నిక్షేప మొకటి బయల్పడినది. పరమేశ్వరీలాల్ గుప్త 1965లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ మ్యూజియము ప్రచురణగా వెలువరించిన గ్రంథమున ఇది వర్ణింపబడినది. ఆ దెనారియసులలో కొన్నింటిపై చక్రవర్తి ముఖముపైననే చిన్న చిన్న ముద్రలు కొట్టబడియున్నవి. రోములో ఆ పని చేయు నగత్యము లేదు. మన దేశమున చేతులు మారునపుడు వేసిన ముద్రలవి. ఎన్ని నాణెములపై ముద్ర లున్నవి, ఏ ముద్ర దేని ప్రక్కన నున్నది, అగస్టస్ నాణెములపై నెక్కువా, టిబీరియస్ నాణెములపై నెక్కువా యను ప్రశ్నలను మనము నే డడుగగలుగుచున్నామనగా ఆ కుండ చెదరకుండుట వలననే. పది రూపాయల విలువకు మించిన నిధి దొరకినవారు కలెక్టరునకు తెలుపవలెనని 1878 నాటి చట్టము చెప్పుచున్నది. కాని చట్ట మెఱుగని రైతు కంటె చట్ట మెఱిగిన వర్తకుడు ముందు చేరిన కథలు ఆ యా ప్రాంతములలో పెద్దలను కదిపినచో వినవచ్చును. ముద్ర పడిన నాణెము సంగ్రాహకునికి దెబ్బతిన్న నాణెము. దానికి వెల తక్కువ. చరిత్రకారునికి సరిగా అదియే కావలెను.

సంగ్రాహకు లందఱును ఒక తీరువారని ఈ వ్యాసకర్త అభిప్రాయము కాదు. ఇంగ్లండులో లోహమును కనిపెట్టు యంత్రములతో పొలములలో తిరుగువారి వలన, పూర్వము కంటబడని చిన్న వెండి నాణెములు ఎన్నో బయటికి వచ్చినవి. 1996 నాటి నిధుల చట్టమును, ఆ మఱుసటి యేట మొదలైన నమోదు పద్ధతియు దొరకిన చోటును వ్రాసియుంచుట నలవాటు చేసినవి. వ్రాసియుంచిన చోటు గల అరిగిన క్వినారియస్, ఊరు పేరు లేని మెఱుగు క్వినారియస్ కంటె విద్యార్థికి మేలు. అమ్మకపు జాబితాలలో ధర దీనికి తలక్రిందుగా నుండుటయే చిక్కు.

మోర్గాంతీనా కథకు ఇంకొక యంకము మిగిలియున్నది. న్యూయార్కులోని మెట్రొపాలిటన్ మ్యూజియము 1981 మొదలుకొని బంగారు పూత గల పదునారు వెండి పాత్రలను కొన్నది. అవి హెలెనిస్టిక్ కాలపు సిసిలీ పనితనమునకు మచ్చుతునకలు. ఎచ్చట దొరకినవో అమ్మినవారు నిజము చెప్పలేదు. మోర్గాంతీనా త్రవ్వకములను సాగించుచున్న మాల్కమ్ బెల్, అవి తన స్థలమునుండియే దొంగిలింపబడినవని అనుమానించి, 1997, 1998 సంవత్సరములలో దొంగలు త్రవ్విరని స్థానికులు చెప్పిన పురాతన గృహమును ఇటలీ అధికారులతో కలిసి పరిశీలించెను. ఇంటి నేలలో గుంటలు కనబడినవి. దొంగలు త్రవ్వి తిరిగి పూడ్చిన మట్టిలో, అడుగున, ఒక నాణెము దొరకినది. అది సెస్టర్టియస్ కాదు. 1978లో ముద్రించిన ఇటలీ నూఱు లీరాల నాణెము. వంగి త్రవ్వుచున్నపుడు ఎవని జేబునుండియో జారిపడినది. క్రీ.పూ. 211 నాటి మట్టి క్రింది చిన్న వెండి ఏ తర్కముతో దెనారియస్ పుట్టుకను నిర్ణయించినదో, అదే తర్కముతో ఈ నూఱు లీరాలు ఆ దొంగతనము 1978కి ముందు జరిగినది కాదని నిర్ణయించినవి. ఆ వెండి పాత్రలు 2010లో సిసిలీకి తిరిగివచ్చి, ఐదోనే మ్యూజియమునకు చేరినవి.